అంటుకున్నంత మాత్రాన: హిస్టమిన్‌ను విడిపించే పదార్థాలు, మెదడులోని కొవ్వులు

(ఆత్మకూరులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసానికి నిర్వాహకులు పెట్టిన షరతు ఒక్కటే. రసాయనశాస్త్రం ఉండాలి, అది మన మెట్ట ప్రాంతానికి పనికిరావాలి. ఎవరి స్మారకంగా ఈ ఉపన్యాసమో ఆ మాస్టారు పాఠం చెప్పిన పద్ధతీ అదే. అందుకని ఇక్కడ ఎవరికీ కొత్త కాని సంగతులతోనే మొదలుపెడతాను. నర్ది, బిక్కి కర్ర కోసం కొండెక్కే ఉదయగిరి చెంచాల పనివాళ్లకు బండల కింద వేలాడే తేనెతుట్టెలు తెలుసు. చేలో వేరుశనగ పీకే ఆడవాళ్లకు రక్తపింజరి తెలుసు. రాళ్లగోడలో ఎర్రతేలు, నేల మీద పడుకున్నవాళ్ల దగ్గరికి రాత్రిపూట చేరే కట్లపాము సరేసరి. ఇవి కుట్టినా, కాటేసినా బాధ అంతా బయటి నుంచి వచ్చిన విషం వల్లనే అనుకుంటాం. కానీ కొంత బాధ మన ఒంట్లో ముందే దాచిపెట్టి ఉన్న సరుకు వల్ల. ఆ సరుకులో ముఖ్యమైనది హిస్టమిన్.

హిస్టమిన్‌ను 1907లో జర్మనీలో విండాస్, వోగ్ట్ ప్రయోగశాలలో తయారు చేశారు. అప్పటికి దానితో ఏ పనీ లేదు. 1910లో లండన్‌లో డేల్, లైడ్‌లా దాన్ని జంతువుల్లోకి ఎక్కించి చూశారు. రక్తపోటు దిగజారింది, శ్వాసనాళాలు బిగుసుకున్నాయి. చర్మం మీద గీత గీస్తే ముందు ఎర్రబడి, చుట్టూ ఎరుపు పాకి, చివరికి ఉబ్బుతుందే, ఆ మూడు దశల వెనక ఇలాంటి పదార్థమే ఉందని 1927లో థామస్ లూయిస్ పుస్తకం రాశాడు. ఇది ఒంట్లో ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు మాత్రం 1953 దాకా ఆగాల్సి వచ్చింది. రైలీ, వెస్ట్ అది మాస్ట్ కణాల్లో ఉంటుందని చూపించారు. ఆ కణాలను అంతకు డెబ్బై అయిదేళ్ల ముందే, 1878లో, పాల్ ఎర్లిక్ అనే వైద్య విద్యార్థి రంగులద్ది కనిపెట్టి ఉన్నాడు.

రంగులంటున్నాను కదా, అక్కడ కాస్త ఆగుదాం. ఈ రోజు విషయమంతా రంగు అంటుకోవడం మీదే నడుస్తుంది. టొలుయిడిన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు. మాస్ట్ కణంలోని రేణువుల నిండా హెపారిన్ ఉంటుంది. దానికి బోలెడంత రుణావేశం. రంగు వెళ్లి హెపారిన్‌ను పట్టుకుంటుంది, నీలం కాస్తా ఊదాగా మారుతుంది. హిస్టమిన్ కూడా అదే పట్టుతో లోపల నిలిచి ఉంటుంది. దానికి ధనావేశం, హెపారిన్‌కు రుణావేశం. రేణువు తెరుచుకుని బయటి ద్రవంలోని సోడియం తగిలితే, సోడియం ఆ చోటు తీసుకుంటుంది, హిస్టమిన్ బయటికి పోతుంది. స్వీడన్‌లో ఊవ్నాస్ దీన్ని అయాన్ల మార్పిడి అని వివరించాడు. ఇంటర్మీడియట్‌లో నీటి కఠినత్వం పాఠం చదివిన పిల్లలకు ఇది అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ రేణువులను బయటికి తెప్పించే పదార్థాల సంగతి. 1949లో లండన్‌లోని హ్యాంప్‌స్టెడ్‌లో మ్యాకింటాష్, పేటన్ ఒక జాబితా బయటపెట్టారు. క్షారగుణం ఉన్న సేంద్రియ పదార్థాలు, ముఖ్యంగా రెండు కొసల్లోనూ ధనావేశం ఉన్నవి, ఏ అలర్జీ లేకుండానే హిస్టమిన్‌ను విడిపిస్తాయని. అదే ఏడాది అమెరికాలో వెల్‌కమ్ ప్రయోగశాలలో బాల్ట్‌జ్‌లీ బృందం రక్తపోటు తగ్గించే మందు కోసం వెతుకుతూ ఒక మిశ్రమం తయారు చేసింది. ఒక అమీన్‌ను ఫార్మాల్డిహైడ్‌తో కలిపితే రెండు, మూడు, నాలుగు ముక్కలు వరసగా అతుక్కుని ధనావేశాల గొలుసు అయింది. దానికి పేరు కూడా పెట్టలేదు; కాంపౌండ్ 48/80 అన్న నంబరే మిగిలింది. అది మందు కాలేదు గాని, హిస్టమిన్‌ను బలంగా విడిపిస్తుందని 1951లో పేటన్ చూపించాడు. నేటికీ ప్రయోగశాలలు దాన్ని కొంటూనే ఉన్నాయి.

మన దేశానికి ఈ జాబితాతో ముందే పరిచయం ఉంది. స్టిల్‌బమిడిన్ అందులో ఒకటి. కాలా అజార్ రోగులకు అది ఇచ్చేవారు. సూది వేస్తున్నప్పుడే ముఖం ఎర్రబడి రక్తపోటు పడిపోయేది. అది హిస్టమిన్ పని. కానీ 1942లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ నుంచి నేపియర్, సేన్ గుప్తా మరో విచిత్రం రాశారు. చికిత్స ముగిసి నెలలు గడిచాక కొందరికి ముఖం మొద్దుబారింది. నరం దెబ్బతింది. ఒకే మందు, నిమిషాల్లో చర్మం మీద ఒక పని, నెలల తర్వాత నరం మీద మరో పని. ధనావేశం ఉన్న ఇలాంటి పదార్థానికి నరాల్లో, మెదడులో పట్టు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది?

మెదడులో నీరు తీసేస్తే మిగిలేదానిలో సగానికి పైగా కొవ్వే. ఇది పొట్ట మీద పేరుకునే కొవ్వు కాదు. థుడికమ్ అనే జర్మన్ వైద్యుడు లండన్‌లో కూర్చుని, 1884లో మెదడు రసాయనం మీద ఒక పుస్తకం వేశాడు. సెఫాలిన్, స్ఫింగోమైలిన్, సెరెబ్రోసైడ్ లాంటివాటిని విడదీసి చూపినవాడు ఆయనే. బతికుండగా ఆయన్ను పట్టించుకున్నవాళ్లు తక్కువ, వెక్కిరించినవాళ్లు ఎక్కువ. 1942లో ఫోల్చ్ అనే స్పెయిన్ దేశస్థుడు ఆ సెఫాలిన్ ఒక్క పదార్థం కాదని, అందులో ఫాస్ఫటిడైల్ సెరీన్ ఉందని తేల్చాడు. 1957లో ఆయన బృందం చెప్పిన పద్ధతినే మేమందరం చేశాం: రెండు పాళ్లు క్లోరోఫాం, ఒక పాలు మిథనాల్‌లో గొర్రె మెదడును మెత్తగా రుబ్బి, వడగట్టి, నీటితో కడిగితే, కింది పొరలో కొవ్వు మిగులుతుంది.

అలా వచ్చిన కొవ్వు ఎంతుందో కొలిచేదెలా? ఇక్కడ మన భీమవరం వచ్చి నిలబడుతుంది. అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి 1925లో హార్వర్డ్ నుంచి రాసిన భాస్వరం పద్ధతి ఉందే, మెదడు కొవ్వుల అధ్యయనం దశాబ్దాల పాటు దాని మీద నడిచింది. కొవ్వును ఆమ్లంలో కాల్చి భాస్వరాన్ని విడదీస్తారు. అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత. ఫాస్ఫోలిపిడ్ బరువులో సుమారు నాలుగు శాతం భాస్వరం కనుక, వచ్చిన అంకెను ఇరవై అయిదుతో హెచ్చిస్తే కొవ్వు బరువు. 1959లో బార్ట్‌లెట్ దాన్ని కాస్త మార్చాడు. వెన్నెముక మాత్రం సుబ్బారావు, ఫిస్కేలదే. 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల వేశాం, విగ్రహాలు పెట్టుకున్నాం. ఆ పరీక్షను చేతులారా చేయించే డిగ్రీ కాలేజీలు ఎన్ని ఉన్నాయో చూసుకుంటే, విగ్రహాల ఖర్చులో కొంత మాలిబ్డేట్ సీసాలకు వెళ్తే బాగుండేదనిపిస్తుంది.

సరే, కొవ్వు చేతిలో ఉంది. అందులో లెసిథిన్‌కు మొత్తం మీద ఆవేశం సున్నా. ఫాస్ఫటిడైల్ సెరీన్‌కు, సల్ఫటైడ్‌కు, గాంగ్లియోసైడ్‌కు మాత్రం రుణావేశం. క్లోరోఫాంలో సల్ఫటైడ్, పైన నీటిలో అజూర్-ఎ రంగు వేసి కుదిపి నిలబెట్టండి. నీటిలో ఉండాల్సిన రంగు క్లోరోఫాంలోకి దిగిపోతుంది. ధనావేశం, రుణావేశం ఒకదాన్నొకటి పట్టుకుని జంటగా కొవ్వు పొరలోకి చేరతాయి. సల్ఫటైడ్‌ను కొలిచే ఒక పద్ధతే దీని మీద ఆధారపడింది. రంగుకు బదులు హిస్టమిన్‌ను విడిపించే క్షారాన్ని వేసినా అదే సూత్రం. గొలుసులో ధనావేశాలు పెరిగేకొద్దీ పట్టు బిగుస్తుంది. పాలిమిక్సిన్-బి అనే యాంటీబయాటిక్‌ను తీసుకోండి. ఒక్క అణువులో అయిదు ధనావేశాలు, పక్కనే కొవ్వులోకి గుచ్చుకునే ఒక తోక. ఆమ్లగుణం ఉన్న ఫాస్ఫోలిపిడ్లను గట్టిగా పట్టుకుంటుంది, మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్‌నూ తెప్పిస్తుంది, మోతాదు పెరిగితే రోగికి నోటి చుట్టూ తిమ్మిర్లు తెస్తుంది. వేరే ఏ మందుకూ లొంగని సూక్ష్మజీవులకు మన ఐసీయూల్లో ఈనాడు దీన్నే, దీని తోబుట్టువు కోలిస్టిన్‌నే వాడుతున్నారు.

ఇంత పొందికగా కనిపించాక ఎవరికైనా తోచే ఊహ ఒకటి ఉంది. ఈ క్షారాలు మాస్ట్ కణం పొరలోని ఆమ్ల కొవ్వును పట్టుకుంటాయి, పొర చెదురుతుంది, హిస్టమిన్ వస్తుంది. మెదడు కొవ్వుతో పరీక్షనాళికలో చూసిందే కణంలోనూ జరుగుతోంది అని. చూడ్డానికి ముచ్చటైన ఊహ. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదల్లా ఈ ఊహను గురించే. అంటుకోవడం వేరు, పనిచేయడం వేరు.

తేలు కుడితే చింతగింజను బండ మీద అరగదీసి, వేడెక్కాక కాటు మీద పెట్టడం మన ఊళ్లల్లో ఉంది. గింజ అతుక్కుని నిలుస్తుంది. విషం పీల్చుకున్నాక అదే రాలిపోతుందంటారు. గింజ అతుక్కునే మాట నిజం. తడి తగిలితే ఏ చర్మం మీదైనా అతుక్కుంటుంది, ఆరాక రాలుతుంది. పల్లెటూరి మూఢత్వమని నవ్వేముందు ఎర్లిక్ ప్రయోగశాలలో ఏం జరిగిందో వినండి. 1902, 1903 ప్రాంతంలో ప్రెస్టన్ కైస్ అక్కడ నాగుపాము విషాన్ని లెసిథిన్‌తో కలిపాడు. ఎర్ర రక్తకణాలను పగలగొట్టే కొత్త పదార్థం వచ్చింది. విషం, కొవ్వు కలిసిన సమ్మేళనం ఇది అని ప్రకటించి, దానికి 'కోబ్రా లెసిథిడ్' అని పేరు పెట్టాడు. ఆ తర్వాతి పదేళ్లలో తేలిందేమంటే, అందులో విషం కలిసి లేనే లేదు. విషంలోని ఎంజైము లెసిథిన్ నుంచి ఒక కొవ్వు ఆమ్లాన్ని కోసేసి పక్కకు తప్పుకుంది. మిగిలిన మొండెం లైసోలెసిథిన్. రక్తకణాలను పగలగొట్టింది అదే. ఆ ఎంజైమును ఇప్పుడు ఫాస్ఫోలైపేజ్ ఎ2 అంటాం.

అయితే మెదడు కొవ్వుకు అంటుకోవడం ప్రతిసారీ ఉత్తదే అని కూడా అనలేం. 1898లో వాసర్‌మన్, తకాకి ధనుర్వాతం విషాన్ని మెదడు గుజ్జుతో కలిపి ఎలుకలకు ఎక్కిస్తే అవి బతికాయి. గుజ్జు విషాన్ని పట్టేసుకుంది. అరవై ఏళ్ల తర్వాత వాన్ హైనింగెన్ ఆ పట్టుకున్నది గాంగ్లియోసైడ్ అని చూపించాడు. ఇక్కడ అంటుకోవడం దారి చూపింది. ఆ విషం నరాన్ని గుర్తుపట్టడంలో ఆ కొవ్వుకు ముఖ్యమైన పాత్ర ఉంది. అంటే పరీక్షనాళిక చెప్పింది వినాలి. దాన్నే తీర్పుగా తీసుకోకూడదు, అంతే.

కొవ్వు పాత్ర అసలు ఎక్కడ ఉందో చూపినవాళ్లలో ఫెల్డ్‌బర్గ్ ఒకడు. 1933లో బెర్లిన్‌లో యూదుడన్న కారణంగా ఉద్యోగం ఊడింది. డేల్ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి మెల్‌బోర్న్‌కు చేరి, పాము విషాల మీద పనిచేస్తున్న కెల్లవేతో కలిశాడు. 1938లో వాళ్లు రాసిందిదీ: నాగుపాము విషాన్ని ఊపిరితిత్తుల గుండా పంపితే హిస్టమిన్ వస్తుంది, లైసోలెసిథిన్ లాంటివీ పుడతాయి. అదే విషాన్ని కోడిగుడ్డు పచ్చసొనతో కలిపి ఉంచితే, కండరాన్ని మెల్లగా, చాలాసేపు బిగించే మరో పదార్థమూ వస్తుంది. హిస్టమిన్ బిగింపు వెంటనే వచ్చి వెంటనే పోతుంది. ఇది అలా కాదు. పచ్చసొనలో మాస్ట్ కణాలు లేవు కనుక, అది ఎక్కడో దాచి ఉన్న సరుకు కాదు, కొవ్వు నుంచి అప్పటికప్పుడు తయారైన సరుకు. ఈ వంశానికే చెందిన, ఉబ్బసంలో శ్వాసనాళాలను పట్టి బిగించే పదార్థాలు ల్యూకోట్రయీన్లని, అవి అరాకిడోనిక్ ఆమ్లం నుంచి పుడతాయని 1979లో సామ్యూల్సన్ బృందం తేల్చింది.

ఇక్కడ సుబ్బారావు మళ్లీ వస్తాడు, ఈసారి వేరే ద్వారం నుంచి. లెడర్లీ మందుల కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనల్లో 1947లో డైఇథైల్ కార్బమజీన్ వచ్చింది. బోదకాలుకు ఇచ్చే మాత్ర అదే. ఆ మాత్రే, మెల్లగా బిగించే ఆ పదార్థం విడుదలను అడ్డుకుంటుందని 1968లో ఆరెంజ్, ఆస్టెన్ చూపించారు. పురుగు కోసం చేసిన మందు కొవ్వు రసాయనంలో వేలు పెట్టింది. సుబ్బారావు అప్పటికి పోయి ఇరవై ఏళ్లు.

విషాన్ని పట్టుకునే వేషం, ముడిసరుకు వేషం కాక కొవ్వుకు మూడో వేషం కూడా ఉంది, సహాయకుడి వేషం. మెదడు నుంచి తీసే ఫాస్ఫటిడైల్ సెరీన్‌ను ఎలుక మాస్ట్ కణాలకు బయటి నుంచి అందిస్తే, కొన్ని ప్రేరకాలకు హిస్టమిన్ విడుదల బాగా పెరుగుతుందని 1971లో గోత్ బృందం రాసింది. మామూలుగా ఈ కొవ్వు కణపొర లోపలి వైపునే ఉంటుంది. కణం దెబ్బతిన్నప్పుడు బయటికి తిరుగుతుంది. గాయమైన చోట హిస్టమిన్ ఇంకా పొంగడానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చునని నా ఊహ.

ఇక 48/80 పొరలోని కొవ్వును పట్టుకునే హిస్టమిన్‌ను విడిపిస్తుందా అన్న ముడి. 2015లో మెక్‌నీల్ బృందం అది విప్పింది. మనుషుల మాస్ట్ కణం మీద ఎమ్ఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే గ్రాహకం ఉంది. ఎలుకల్లో దానికి జోడీ అయిన గ్రాహకాన్ని తీసేస్తే 48/80 పని చేయదు. కణం ఉంది, పొర ఉంది, పొరలో ఆమ్ల కొవ్వు యథాతథంగా ఉంది, అయినా హిస్టమిన్ రాదు. దశాబ్దాల చర్చకు ఆ ప్రయోగం చాలావరకు తెర దించింది. మత్తు డాక్టర్లు వాడే అట్రాక్యూరియం, మనం చీటికీ మాటికీ మింగే సిప్రోఫ్లాక్సాసిన్ కూడా ఆ తలుపే తడతాయి. వ్యాంకోమైసిన్ తొందరగా ఎక్కిస్తే మెడ, ముఖం ఎర్రబడేదీ ఇందువల్లే. గంటసేపు నిదానంగా ఎక్కించమనడంలో రసాయనం ఉంది.

ఇప్పటిదాకా చెప్పిన ఈ పనులన్నీ ఉదయగిరి బండల కింది తేనెటీగలో ఒక్క ముల్లులో ఉన్నాయి. ఎండు విషంలో సుమారు సగం మెలిట్టిన్. ఇరవై ఆరు అమైనో ఆమ్లాల గొలుసు, ఒక కొస నిండా ధనావేశం, మిగతాది కొవ్వును ఇష్టపడేది. ఇది నిజంగానే పొరకు చిల్లులు పెడుతుంది. ఆ చిల్లుల దగ్గర ఫాస్ఫోలైపేజ్ కొవ్వును కోస్తుంది. మరో చిన్న పెప్టైడు మాస్ట్ కణాన్ని ఖాళీ చేయిస్తుంది, దాని పేరులోనే ఆ పని ఉంది: ఎమ్‌సీడీ పెప్టైడు. దాన్నే ఎలుక మెదడులోకి నేరుగా ఎక్కిస్తే మూర్ఛలు వస్తాయి. చూశారా, ధనావేశం ఉన్న క్షారం మెదడులో చేసే పని, ఇక కొవ్వుతోనే అనుకుంటాం. కాదు. అక్కడ అది పొటాషియం దారులను మూస్తోంది. ధనావేశం ఒకటే, చిరునామాలు రెండు, ఏదీ మనం ఊహించిన చోట కాదు.

దురద అనగానే హిస్టమిన్ అనేవాళ్లకు దురదగొండి ఉంది. కంచెల మీద పాకే ఆ కాయ నూగు తగిలితే హిస్టమిన్‌ను అడ్డుకునే అవిల్ మాత్ర పెద్దగా పనిచేయదు. నూగులో ఉండే, ప్రోటీన్లను కోసే ఎంజైము నేరుగా నరాల కొసలను లేపుతుంది. ఇది 1955లోనే షెల్లీ, ఆర్థర్ రాశారు.

వైద్యంలోకి వస్తే, మన పల్లెల్లో ఏది కుట్టినా ముందు పడేది అవిల్ ఇంజెక్షన్. తేనెటీగకు, కందిరీగకు దద్దుర్లు మాత్రమే వస్తే సరిపోతుంది. గొంతు బిగుసుకుంటూ, నాడి పడిపోతున్నప్పుడు అది చాలదు. అది హిస్టమిన్ ఒక్కదాని తలుపు మూస్తుంది. కొవ్వు నుంచి పుట్టిన ల్యూకోట్రయీన్లకు దానితో లెక్కలేదు. పెద్దవాళ్లకు తొడ కండరంలోకి 0.5 మిల్లీగ్రాముల ఎడ్రినలిన్ ఇవ్వాలి, ముందు అదే. ఎర్రతేలుకైతే కథ వేరు. ఒంట్లోని ఎడ్రినలిన్ లాంటి పదార్థాలే పొంగి గుండె మీద పడతాయి. అక్కడ ప్రాజోసిన్, మహారాష్ట్రలోని మహడ్‌లో బవాస్కర్ 1980ల నుంచి దాన్ని వాడి చూపించాడు.

కట్లపాము దగ్గర మాత్రం నరాల కొవ్వు నిజంగానే బలి అవుతుంది. దాని విషంలో ముఖ్యమైన ఆయుధం ఫాస్ఫోలైపేజ్ రకమే. నరం కండరాన్ని కలిసే కొసను పట్టుకుని, అక్కడి పొరను కోసి పాడుచేస్తుంది. కాటు నొప్పి పెద్దగా ఉండదు. తెల్లారేసరికి రెప్పలు వాలి, నాలుక మడతపడి, ఊపిరి కండరాలు ఆగుతాయి. కొస పాడైపోయాక విషానికి విరుగుడుగా ఇచ్చే సీరం దాన్ని తిరిగి కట్టలేదు. అది కొత్తగా మొలకెత్తడానికి రోజులు పడుతుంది. అంతవరకు యంత్రం ఊపిరి పోయాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ మనిషి కదలడు, కన్ను తెరవడు, కంటిపాప కూడా స్పందించకపోవచ్చు. మెదడు చచ్చిపోయిందనుకుంటారు. మెదడుకు ఏమీ కాలేదు. చుట్టూ ఏడ్చేవాళ్ల మాటలు అతనికి వినబడుతూ ఉండవచ్చు. ఆశ వదిలి ఇంటికి తీసుకుపోకండి.

చివరగా సీరం గురించి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ కలిపి గుర్రాల రక్తం నుంచి చేసే సీరం ఇది. అదే కొందరిలో మాస్ట్ కణాలను రేపుతుంది. విషానికి విరుగుడే హిస్టమిన్‌ను విడిపిస్తుంది. ఈ భయంతో చిన్న వైద్యశాలల్లో సీరం పెట్టకుండా, అవిల్ వేసి పెద్దాసుపత్రికి పంపేయడం చాలాచోట్ల ఉంది. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. ముందుగా చర్మం మీద వేసి చూసే పరీక్ష ప్రతిచర్యను పసిగట్టలేదని తేలింది, దాని కోసం సమయం పోగొట్టుకోవద్దు. విషం ఎక్కిన లక్షణాలుంటే పక్కన ఎడ్రినలిన్ సిరంజిలోకి ఎక్కించి పెట్టుకుని, సీరం అక్కడే మొదలుపెట్టి, దద్దురో ఆయాసమో కనిపిస్తే ఆపి, ఎడ్రినలిన్ ఇచ్చి, కుదుటపడ్డాక మళ్లీ నిదానంగా ఎక్కించాలి. ముందు వరుసలో ఆశా కార్యకర్తలు, నర్సమ్మలు కూర్చున్నారు. మోతాదుల కాగితం తెలుగులో వేయించి తెచ్చాను, వెళ్లేటప్పుడు తీసుకోండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.